సప్లై బండిలో పుస్తకాలు

మా కోడలు కన్యక కాపురానికొచ్చిన కొత్తల్లోనే నాకు అర్థమైపోయిందండి, ఈ పిల్లకీ నాకూ పడదని. పడలేదు కూడా. ఇప్పటికీ రోజుకోసారైనా మా ఇద్దరికీ వాదన రాకపోతే, మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఒంట్లో బాగానే ఉందా మీ ఇద్దరికీ అని అడుగుతుంది. అలాంటి మనిషి గురించి నేను మంచి చెప్తున్నానంటే అందులో మొహమాటం ఏమీ లేదని మీరు నమ్మొచ్చు.

నాది నిడదవోలులో సప్లై కంపెనీ. జోగేశ్వరరావు కొట్టు అంటే స్టేషన్ దగ్గర ఎవరైనా చూపిస్తారు. షామియానాలు, కుర్చీలు, గుండిగలు, గరిటెలు, బకెట్లు, జనరేటరు అన్నీ అద్దెకిస్తాం. చుట్టుపక్కల ఊళ్ళల్లో పెళ్ళయినా, ఓణీల ఫంక్షనయినా, గృహప్రవేశమయినా మా బండి వెళ్ళాల్సిందే. ఏ సామాను ఏ ఊళ్ళో ఉందో మొత్తం నా బుర్రలోనే ఉంటుందని నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి. కన్యక కొన్నాళ్ళు విని ఊరుకుని, ఒకరోజు కాఫీ ఇస్తూ, అన్నీ బుర్రలో ఉంటే మరి గరిటెలెందుకు పోతున్నాయి మావయ్యగారూ అంది. కొత్త కోడలు మావగారితో అనే మాటేనా అది? కానీ నిజంగానే గరిటెలు పోతున్నాయి. ఏ పెళ్ళికి పంపినా సగం ఆ ఊరి వంటిళ్ళల్లోనే ఉండిపోతున్నాయి.

ఆ పిల్ల రాజమండ్రిలో ఎమ్‌సీఏ చదివింది. ఆ చదువు చాలక లైబ్రరీ కోర్సు కూడా చేసింది. రెండు చదువులెందుకమ్మా అంటే, ఒకటి నాన్న కోసం, ఒకటి నా కోసం అంటుంది. కొట్టులో కూర్చుని మా పద్ధతి అంతా చూసి, దానికి సరిపడే ప్రోగ్రాం ఒకటి కంప్యూటర్లో తనే రాసింది. బజార్లో రెడీమేడ్‌గా దొరుకుతాయిట, కానీ వాటికి ముహూర్తం అంటే తెలీదు, గుండిగ అంటే తెలీదు, తెల్లారి తాంబూలాలిచ్చి సాయంత్రం సామాను మార్చే మనుషులుంటారని అసలే తెలీదు. తను రాసినదానికి ఇవన్నీ తెలుసు. ఏ ఊరికి ఏ రోజు బండి వెళ్తోంది, ఏం దింపింది, ఏం ఎక్కించుకోవాలి అన్నీ డ్రైవరు తాతాజీ ఫోన్లో కనబడతాయి. దింపిన సామానూ ఎక్కించిన సామానూ సరిపోతేనే ఫోను పచ్చగా మారుతుంది. పచ్చబడితే గానీ తాతాజీ బండి తియ్యడు. ఆ ఏడాది నుంచీ మా గరిటెలు మాకు తిరిగొచ్చాయండి. ఆ సంగతి కన్యక ముందు నేనెప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడు మీకు చెప్తున్నాను.

తర్వాత ఆ పిల్లకి ఊళ్ళో ఒక డిగ్రీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. కాంట్రాక్టు లైబ్రేరియన్. ఆ కాలేజీలోనే దూరవిద్య సెంటరు ఉంది. అంటే ఇంటి దగ్గరుండి డిగ్రీ చదువుకునేవాళ్ళకి ఆదివారం క్లాసులు పెడతారు, పుస్తకాలు లైబ్రరీలో తీసుకోవచ్చంటారు. తీసుకోవచ్చు గానీ, ఆదివారం లైబ్రరీకి సెలవు. మామూలు రోజుల్లో తెరిచే ఉంటుంది, ఆ రోజుల్లో వీళ్ళు రాలేరు. పొలాల్లో ఉంటారు, చెరువుల దగ్గర ఉంటారు, బట్టలకొట్లో నిలబడి ఉంటారు, పొయ్యి దగ్గర ఉంటారు. పుస్తకాలేమో బీరువాల్లో హాయిగా నిద్రపోతున్నాయి. కన్యక ఆ బీరువాల ముందు కొన్నాళ్ళు తిరిగి తిరిగి, ఒకరోజు భోజనాల దగ్గర నాతో, మన బండి ఎలాగూ ఆ ఊళ్ళన్నీ తిరుగుతుంది కదండీ అంది.

నేను పెరుగన్నం కలుపుతున్నవాణ్ణి ఆగిపోయాను. పెళ్ళిసామానుతో పాఠ్యపుస్తకాలు పంపడమేంటని కేకలేశాను. ఆ పిల్ల కేకలకి జడవదు. ఊళ్ళో పెళ్ళంటే ఆ ఊరంతా భోజనానికొస్తుంది, చదువుకునేవాళ్ళూ వస్తారు, చేయి కడుక్కుని పుస్తకం పట్టుకుని ఇంటికెళ్తారు, చదివేసిన పుస్తకం ఖాళీ గుండిగలతో వెనక్కొస్తుంది, ఇందులో మీకు పోయేదేంటి అని మెత్తగా అడిగింది. మా అబ్బాయి ఉదయ్‌భాస్కర్ ఎప్పట్లాగే భార్య వైపు. చివరికి నేను ఒక్క షరతు మీద సరేనన్నాను. పుస్తకాలు శుభకార్యాల బండిలోనే వెళ్ళాలి, పెద్దకార్యాలకెళ్ళే బండిలో కుదరదు. మనిషి పోయిన ఇంటికి దినం భోజనాల సామానుతో సరస్వతిని పంపడం నాకు ససేమిరా ఇష్టం లేదు. కన్యక సరేనంది, ఆ షరతు కూడా ప్రోగ్రాంలో పెట్టేసింది. ప్రిన్సిపాలు గారు కూడా, ఏ పుస్తకం పోయినా బాధ్యత నీదేనమ్మా అని చెప్పి ఒప్పుకున్నారు.

మా గరిటెల ప్రోగ్రాంనే ఆ పిల్ల పుస్తకాలకి మలిచింది. గుండిగకి గుండిగ వస్తే చాలు, అదే గుండిగ రానక్కర్లేదు. పుస్తకం అలా కాదుట, వెళ్ళిన పుస్తకమే రావాలిట, అందుకని ఒక్కోదానికి ఒక్కో గుర్తు ఇచ్చింది. గడువు తారీఖు అని విడిగా పెట్టలేదు. మీ ఊళ్ళో వచ్చే కార్యానికి మా బండి వచ్చినప్పుడు తిరిగి ఇవ్వండి అని ఫోనుకి మెసేజ్ వెళ్ళేలా పెట్టింది. ఊళ్ళల్లో అందరికీ ఎవరింట్లో ఎప్పుడు కార్యమో నోటికొచ్చు కాబట్టి ఎవరూ మర్చిపోరని దాని ఉద్దేశం. ఇంకో తెలివైన పని కూడా చేసింది. చదువుకునే మనిషి ఆ రోజు భోజనానికి రాలేకపోవచ్చు. అందుకని ఊరికొక మనిషిని, ఎవరింట్లో కార్యమైనా తప్పకుండా మొదటి పంక్తిలో కూర్చునే మనిషిని వెతికి, ‘తీసుకునే మనిషి’ అని పేరు రాసుకుంది. అలాంటి మనిషి లేని ఊరు మా వైపు లేదు.

మొదట్లో నానా అవస్థా పడ్డాం లెండి. పెరవలిలో ఒక పెళ్ళికి సామాను చీటీలో పెద్ద గుండిగల కింద ఇండియన్ పాలిటీ అని అచ్చయింది. వంటమేస్త్రి అది ఏ వంటకమో, కూరల ముందు వడ్డించాలో తర్వాత వడ్డించాలో తెలీక పెళ్ళికూతురి తండ్రిని అడిగాడుట. ఆయన నాకు ఫోను చేసి, నేను ఆర్డరివ్వనిది పంపి డబ్బు గుంజుదామనుకుంటున్నావా అని నా మీద ఎగిరాడు. ఆ సాయంత్రమే కన్యక చీటీలు వేరు చేసింది. ఇంకో ఊళ్ళో సోషియాలజీ పుస్తకం తిరిగి రాకపోతే తాతాజీ బండి తియ్యనన్నాడు. ఫోను పచ్చబడాలి కదండీ. అది తీసుకున్న కుర్రాడు పరుగున ఇంటికెళ్ళి తెచ్చేదాకా పెళ్ళివాళ్ళందరూ బండి చుట్టూ నిలబడి ఎదురుచూశారు. అప్పట్నుంచీ ఆ ఊళ్ళో పుస్తకం ఆలస్యం చేసినవాళ్ళు లేరు.

మాఘం నుంచి జ్యేష్ఠం దాకా పెళ్ళిళ్ళు దంచేశాయి, పుస్తకాలు కూడా దంచి తిరిగాయి. బీరువాలు ఖాళీ అవుతుంటే ఆ పిల్ల ముఖం వెలిగిపోయేది. నేను అటు చూడనట్టు నటిస్తూ చూసేవాణ్ణి.

ఆ రోజుల్లోనే పాపాయమ్మ గారు మా కొట్టుకొచ్చారు. కోరుమామిడిలో రైతులు వాళ్ళు. కొడుకు గణేష్‌బాబు వ్యవసాయం, కోడలు నాగదుర్గ దూరవిద్యలో బీఏ. నాగదుర్గకి ఇద్దరు చిన్నపిల్లలు, పాడి, వంట. ఊళ్ళో కార్యాలకి ఆవిడ వెళ్ళేది తక్కువ, అత్తగారు మాత్రం ఒక్కటి వదలరు. కన్యక రాసుకున్న తీసుకునే మనిషి ఈవిడే. ఆ రోజు ఆటో దిగి, పైట నడుముకి బిగించి, ఏంటయ్యా షావుకారూ, మా కోడలి పుస్తకం గుండిగలో పెట్టి పంపుతావా, అట్టకి చారు అంటుకుంది చూడు అని గుమ్మంలోంచే అందుకున్నారు. నేను కూడా గట్టిగానే సమాధానం చెప్పబోయాను గానీ, ఆవిడ నన్ను మాట పూర్తి చెయ్యనివ్వలేదు. చుట్టుపక్కల కొట్లవాళ్ళు కూడా వచ్చి విన్నారు. ఆ దెబ్బతో పుస్తకాలకి వేరే రేకుపెట్టె చేయించాను.

కోపం అయిపోయాక ఆవిడ కన్యక పక్కన కుర్చీలో చేరి కబుర్లు మొదలెట్టారు. కోడల్ని బీఏలో చేర్పించింది తనేనని, అదీ ఎందుకంటే తన తోడికోడలు చిన్నమ్మాయి గారి కోడలు బీకాం పాసయి ఊళ్ళో నడిచే తీరు చూడలేకపోతున్నానని దాచుకోకుండా చెప్పారు. చిన్నమ్మాయి అంటే పేరే గానీ ఆవిడకీ డెబ్బై దాటి ఉంటాయి. పాపాయమ్మ గారికి చదవడం రాదు. ఈ మిషన్లో నా పేరుందటగా, చూపించమ్మా అన్నారు. కన్యక తెర మీద చూపిస్తే, ఇదేనా నేను అని వేలు పెట్టి అక్షరాల్ని ఒత్తి చూసుకున్నారు. ఆవిడ వెళ్ళాక కన్యక చాలాసేపు నవ్వుతూనే ఉంది.

నాగదుర్గకి ఒక్క పరీక్షే మిగిలింది, ఎకనామిక్స్. మిగతావన్నీ అయిపోయాయి. కానీ ఆవిడ పేరు నమోదై చాలా ఏళ్ళయింది. యూనివర్సిటీ ఇచ్చిన గడువు ఈ ఏటితో సరి. ఈసారి తప్పితే ఇదివరకు పాసైనవన్నీ కూడా పోతాయి, మళ్ళీ మొదట్నుంచీ చేరాలి. మళ్ళీ చేరే ఓపిక తనకి లేదని నాగదుర్గ కన్యకతో ఫోన్లో చెప్పిందిట. పైగా సిలబస్ మారిపోయింది, పాత సిలబస్ పుస్తకం ఇప్పుడెక్కడా అచ్చులో లేదు. లైబ్రరీలో ఒక్కటే కాపీ ఉంది. దానికోసం వరస కట్టారు. నాగదుర్గ వంతు ఆఖర్న వచ్చింది. ఆ ముందు వంతు పెరవలి అవతల రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే శ్యాంబాబు అనే అబ్బాయిది.

అప్పుడొచ్చిందండి ఆషాఢం. పరీక్షలు కూడా ఆ ఏడు ఆషాఢంలోనే పడ్డాయి.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవని, మా బండి షెడ్డులో ఉంటుందని మా ఇంట్లో పాకే పిల్లాడికి కూడా తెలుసు. పెద్దాపురం మరిడమ్మ జాతరకి షామియానాలు వెళ్తే వెళ్తాయి, అంతే. మూడు తరాలుగా ముహూర్తాల మీద బతికిన ఇల్లు మాది. అలాంటి ఇంట్లో కూర్చుని, వచ్చే కార్యానికి పుస్తకం ఇవ్వండి అని ప్రోగ్రాం రాసిన కోడలికీ తట్టలేదు, పక్కన కూర్చుని నూటొక్క వంకలు పెట్టిన నాకూ తట్టలేదు. ఎక్కడి పుస్తకాలు అక్కడ ఉండిపోయాయి. తెర మీద ‘వచ్చే కార్యం’ అనే గడులన్నీ ఖాళీ. నాగదుర్గ ఫోను చేసి నా పుస్తకం ఎక్కడుందండీ అని అడిగితే గానీ కన్యక ఆ ఖాళీ గడుల్ని చూసుకోలేదు.

చూసుకున్న మర్నాడే నా దగ్గరకొచ్చింది. మావయ్యగారూ, పెళ్ళిళ్ళు లేవు గానీ పెద్దకార్యాలకి మన బండి వెళ్తూనే ఉంది కదా, ఆ షరతు తీసేద్దాం అంది. నేను కుదరదన్నాను. ఆ గుండిగల్లోనే కదండీ మళ్ళీ శ్రావణంలో పెళ్ళివంట వండేది అంది. కడిగి వండుతామమ్మా అన్నాను. పుస్తకానికి ఆ కడిగే పని కూడా లేదు కదండీ అంది. నాకు ఒళ్ళు మండింది. అది కాదు కన్యకా, పరీక్షకెళ్ళే పిల్లకి పుస్తకం ఏ బండిలో వచ్చిందో తెలిస్తే వాళ్ళమ్మ వీధిలో పారేస్తుంది, మనల్ని నాలుగు తిడుతుంది, రేపు నీ పుస్తకాలు పెళ్ళిబండిలో కూడా ఎవరూ ముట్టుకోరు అన్నాను. అందులో అబద్ధం ఏముందండీ? అయితే నేనే వెళ్ళి తెచ్చుకుంటానని ఆ పిల్ల స్కూటర్ తీసింది.

కాలేజీ అయ్యాక రోజుకో ఊరు తిరిగింది. ఎడతెగని వర్షాలు, ఊడ్పుల రోజులు. శ్యాంబాబు దగ్గరకెళ్తే ఆ అబ్బాయి పుస్తకాన్ని పాలిథీన్ కవర్లో చుట్టి సంచిలో పెట్టుకుని, తయారుగా కూర్చునున్నాడుట. వచ్చే కార్యానికి ఇమ్మన్నారు కదండీ మేడం, మా ఊళ్ళో శ్రావణం దాకా కార్యమే లేదండీ అన్నాడుట పాపం. పుస్తకం తీసుకుని వస్తూ కాలవగట్టు మీద బురదలో స్కూటర్ జారి కన్యక పడిపోయింది. ఎడమచెయ్యి విరిగింది. ఆసుపత్రిలో నేను దాన్ని తిట్టిన తిట్లు డాక్టరు గారు కూడా విని బయటికెళ్ళిపోయారు. నాకు భయం వేస్తే తిట్లే వస్తాయండి, ఏం చెయ్యను. ఆ పిల్ల అన్నీ విని, పుస్తకం తడిసిందేమో చూడండి మావయ్యగారూ అంది. తడవలేదు.

ఇంటికొచ్చాక నాగదుర్గకి ఫోను చేసి పుస్తకం దొరికిందని, రేపో ఎల్లుండో పంపిస్తానని చెప్పింది. నాగదుర్గ గొంతు సంతోషంగా లేదుట. అత్తయ్యకి జ్వరం, లేవడం లేదండీ అందిట. మర్నాడే కబురొచ్చింది, పాపాయమ్మ గారు పోయారని.

కన్యక ఆ రోజు అన్నం తినలేదు. ఇప్పుడు ఆ పుస్తకం మా కొట్టులో బల్ల మీద ఉంది. పరీక్షేమో పెద్దకార్యం దాటిన వెంటనే. పంపాలంటే ఎంతసేపు, తాతాజీకి ఇస్తే మోటారు సైకిల్ మీద ఇచ్చొస్తాడు. కానీ మనిషి పోయిన ఇంటికి వెళ్ళి, అమ్మా ఇదిగో నీ ఎకనామిక్స్ అని ఎవరు అంటారండీ? నాగదుర్గ ఫోను చెయ్యలేదు. కన్యకా చెయ్యలేదు. ఫోను చేతిలోకి తీసుకోవడం, మళ్ళీ పెట్టెయ్యడం చూస్తూనే ఉన్నాను.

గణేష్‌బాబు గెడ్డంతో కొట్టుకొచ్చాడు. తల్లి పెద్దకార్యానికి సామాను కావాలన్నాడు. అమ్మకి పెట్టుపోతలంటే ఇష్టం అండి, లోటు లేకుండా చెయ్యాలి అన్నాడు. గుండిగలు, కుర్చీలు, షామియానా రాయించాడు. పుస్తకం మాట ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని కన్యక, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, అతని ముఖం వైపే చూస్తూ కూర్చుంది. అతను నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల ఒంటిచేత్తో ఆ ఆర్డరు కంప్యూటర్లో ఎక్కించింది. ఎక్కించి అలాగే ఉండిపోయింది. నేను వెనకనుంచి వెళ్ళి చూశాను. కోరుమామిడికి వెళ్ళాల్సిన పుస్తకం ఒకటి ఉందని, నా షరతు ప్రకారం అది ఈ బండిలో వెళ్ళకూడదని తెర మీద ఉంది. దాని కింద తీసుకునే మనిషి, కె. పాపాయమ్మ అని ఉంది. కన్యక ఏడుస్తోంది. నన్ను ఏమీ అడగలేదు. ఆ పిల్ల నాతో వాదించకుండా ఊరుకోవడం అదే మొదలు, నాకు అది అస్సలు నచ్చలేదు.

“ఎక్కించమ్మా పుస్తకం” అన్నాను.

“వద్దు మావయ్యగారూ. ఆ ఇంటినిండా చుట్టాలుంటారు. అత్త పోయి పట్టుమని పదిరోజులు కాలేదు, అప్పుడే దీనికి చదువు కావాల్సొచ్చిందా అని నాగదుర్గనే ఆడిపోసుకుంటారు. మనం మంచి చేస్తున్నామనుకుని ఆవిణ్ణి వాళ్ళ నోట్లో పడేస్తాం.”

నేను చెప్పాల్సిన మాట అది చెప్పింది, అది చెప్పాల్సిన మాట నాకు చెప్పాలనిపించింది. అలా తిరగబడ్డాం ఇద్దరం. చివరికి నేనే వెళ్తానన్నాను. సామానుతో నేనెప్పుడూ వెళ్ళను, కానీ పాపాయమ్మ గారు నన్ను నా కొట్లోనే నిలబెట్టి తిట్టిన మనిషి, ఆవిడ పెద్దకార్యానికి వెళ్ళే హక్కు నాకుంది. ఇచ్చే వీలుంటే ఇస్తాను, లేకపోతే వెనక్కి తెచ్చేస్తాను అన్నాను. కన్యక పుస్తకానికి కొత్త అట్ట వేసి కవర్లో పెట్టి ఇచ్చింది, జాగ్రత్తండీ అని రెండుసార్లు చెప్పింది.

కోరుమామిడిలో ఆ రోజు ముసురు. పాపాయమ్మ గారి ఇంటి ముందు మా షామియానా కిందే నాకు కుర్చీ వేశారు. కవరు చంకలో పెట్టుకుని కూర్చున్నాను. ఊరు ఊరంతా వచ్చింది. వరండాలో ఆవిడ ఫోటో, దాని ముందు ఆకులో ఆవిడకిష్టమైనవన్నీ పెట్టారు. కోడలు లోపలికీ బయటికీ తిరుగుతోంది, నా వైపు చూడటం లేదు. ఇప్పుడిద్దామా, ఇంకాసేపాగి ఇద్దామా అని నాలో నేను కొట్టుకుంటూ భోజనం కూడా కానిచ్చేశాను. ముహూర్తాలకి తొణకని మనిషిని, ఒక పుస్తకం చేతికివ్వడానికి చెమటలు పట్టాయండి నాకు.

ఆడవాళ్ళు ఫోటో దగ్గర కూర్చుని పోయినావిడ సంగతులు చెప్పుకుంటున్నారు. చిన్నమ్మాయి గారు, అదే తోడికోడలు, పైటతో కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతోంది. మా అక్కకి ఆఖరి రోజుల్లో కూడా భోజనాల మీదే ధ్యాస, జ్వరంలో మూలుగుతూ కూడా చూడటానికొచ్చిన ప్రతివాళ్ళనీ ఊళ్ళో ఎవరింట్లోనైనా కార్యముందా అని అడిగేది, ఆషాఢంలో కార్యాలేంటే అంటే వినేది కాదు అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చెడ్డగా కాదు, ముద్దుగానే నవ్వాం.

నాగదుర్గ ఒక్కతే నవ్వలేదు. మజ్జిగ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. నా చంకలో కవరు కేసి చూసింది. పళ్ళెం అక్కడే కింద పెట్టి, అందరి మధ్యలోంచి నడుచుకుంటూ తిన్నగా నా దగ్గరకొచ్చింది.

“తెచ్చారాండీ?” అంది.

నేను లేచి నిలబడి కవరు ఇచ్చాను. కన్యక పంపింది అన్నాను. నాగదుర్గ ఆ పుస్తకాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చిన్నమ్మాయి గారి వైపు తిరిగింది.

“తిండి కోసం కాదు పిన్నత్తా, అత్తయ్య అడిగింది. కార్యముంటే ఈ బండొస్తుంది, బండొస్తే నా పుస్తకమొస్తుందని అడిగింది. రోజూ అదే బెంగ. ఎవరింట్లోనూ కార్యం లేకపోయేసరికి, తన కార్యానికే పిలిపించుకుంది.”

నేను అక్కడే, అంతమంది ముందు, కండువా అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. గణేష్‌బాబు వచ్చి నా భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

నాగదుర్గని ఎవరూ ఒక్క మాట అనలేదండి. చిన్నమ్మాయి గారే లేచి, ఆ పిల్ల చేతుల్లోని పని ఇంకొకళ్ళకి అప్పజెప్పి, పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. తనే ఆ తలుపుకి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. సాయంత్రం మా మనుషులు సామాను ఎత్తుతుంటే, గుండిగలు చప్పుడు చెయ్యకండయ్యా, లోపల మా కోడలు చదువుకుంటోంది అని కసిరింది. తాతాజీ వాళ్ళు ఒక్కో గుండిగనీ ఇద్దరేసి పట్టుకుని, చప్పుడు లేకుండా మోసుకెళ్ళి బండిలో పెట్టారు. నాగదుర్గ ఆ పరీక్ష రాసింది, పాసయింది.